పాలు పడని మనవరాలు

మా మనవరాలికి పదకొండో నెల. నడుస్తోంది. పొద్దున్నే గ్రౌండులో నాతో తిరిగే పోర్టు రిటైర్డు బృందానికి నేను చెప్పిన ప్రకారం, ఫ్రిజ్ దగ్గర్నుంచి టీవీ దాకా ఎవరి వేలూ పట్టుకోకుండా వెళ్ళిపోతుంది. ఇంట్లో జరిగేది వేరు. మంచం పట్టె పట్టుకుని పీతలా పక్కకి రెండడుగులు వేస్తుంది, మూడోది వేద్దామా మానేద్దామా అని కాసేపు ఆలోచించి చతికిలబడుతుంది. పళ్ళు ఆరని చెప్పాను. నాలుగే. నన్ను చూసి ‘తాతా’ అంటోందని కూడా చెప్పాను. ‘తా’ అంటుంది. ఫ్యానుని చూసీ అంటుంది, గోడ మీద కాకిని చూసీ అంటుంది. కాకి తలతిప్పి చూస్తుంది కాబట్టి కాకినే ఎక్కువసార్లు పిలుస్తుంది.

నేను పోర్టులో క్రేను ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. అంత ఎత్తున కూర్చుని అన్నిటినీ చిన్నగా చూసీ చూసీ, కిందికి దిగాక ప్రతిదాన్నీ పెద్దది చేసి చెప్పడం నాకు అలవాటైపోయిందని మా ఆవిడ సిద్ధాంతం. ఆవిడ మా మేనత్త కూతురే. పెళ్ళికి ముందు బావా అని పిలిచేది, ఇప్పటికీ అదే పిలుపు. కాబట్టి నా కోతలన్నీ ఆవిడకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

తిండి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ విషయంలో కోతలు కోస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. మనవరాలు చోడిజావ తాగుతుంది. చోళ్ళంటే రాగులే, మల్కాపురంలో మేమింకా చోళ్ళనే అంటాం. పెసరపప్పు వేసి మెత్తగా పిసికిన అన్నం తింటుంది. చిలగడదుంప కనబడితే చెయ్యి చాపుతుంది. అరటిపండు తిన్న మర్నాడు ముక్కుతుంది. చేప పడింది. గుడ్డు పడింది. వేరుశనగ పొడి భయపడుతూనే నాలిక్కి రాశాం, అదీ పడింది. డాక్టరమ్మ ఒకేసారి ఒకటే కొత్తది పెట్టమంది, పెట్టి మూడు రోజులు చూడమంది. అలాగే చూస్తున్నాం. పడనివి పాలు ఒక్కటే. ఆవువైనా గేదెవైనా, పెరుగైనా వెన్నైనా. ఈ సంగతి తేలడానికి మా ఇంట్లో ఎంత రభస జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మాయి దువ్వాడ దగ్గర ఒక కాలేజీలో లెక్చరరు. అల్లుడిది స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. వాళ్ళది గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. పురిటికి మా ఇంటికి వచ్చిన అమ్మాయి ఇక్కడే ఉండిపోయింది. పిల్ల పుట్టిన కొత్తలో ఆమెకి పాలు రాలేదు. పిల్ల రొమ్ము పట్టేది, లాగేది, ఏడ్చేది. ఆస్పత్రిలో ఆయా దగ్గర్నుంచి అల్లుడి అమ్మగారి దాకా అందరూ డబ్బా పాలు పట్టమన్నారు. అమ్మాయి పట్టలేదు. పంతం పట్టి, గంటకోసారి పిల్లని గుండెకి ఆనించుకుని, ఏడుస్తూనే సాధించింది. పదిరోజులకి పాలు పొంగాయి. ఆ పదిరోజులూ చూసినవాళ్ళకి ఆ తర్వాత జరిగింది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

మూడో నెలలో పిల్ల బుగ్గల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. తర్వాత మోచేతుల మడతల్లో, మెడ కింద. తాగిన పాలు కక్కేది. విరేచనంలో జిగురు, ఒకరోజు నెత్తురు జీర. పరుగెత్తుకెళ్ళాం. డాక్టరమ్మ చూసి, పిల్లకి పశువుల పాలు పడటంలేదని చెప్పింది. మేం పశువుల పాలు ఒక్క చుక్క పట్టలేదన్నాం. తల్లి తాగుతోంది కదా, అందులో కొంత ఆమె పాలల్లోకి దిగుతుంది అంది. పాలు, పెరుగు, నెయ్యి, బిస్కెట్లు, స్వీట్లు అన్నీ తల్లి మానెయ్యాలి. మానేసినా తగ్గకపోతే కొన్నాళ్ళు తల్లిపాలు ఆపి, ఇలాంటి పిల్లలకోసం ప్రత్యేకంగా చేసే డబ్బా పాలు పట్టి చూడాలి.

ఆటోలో వస్తుంటే అమ్మాయి నాతో అంది, “నాను ఏదంటే అది మానేస్తాను నాన్నా. పిల్లకి ఇవ్వడం మాత్రం మానలేను.”

ఇంట్లో పాల యుద్ధం మొదలైంది. నెయ్యి డబ్బా పక్కింటికి పోయింది. పెరుగు తోడెయ్యడం ఆగిపోయింది. కూతురికోసం నేను కూడా పాలు ముట్టడం మానేశానని గ్రౌండులో అందరికీ చెప్పాను. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. నిజానికి నా టీకోసం అర లీటరు ప్యాకెట్టు రోజూ వస్తూనే ఉంది. దానికి వేరే గిన్నె, వేరే గరిట, ఫ్రిజ్‌లో పై అర. అమ్మాయి ఆ అర జోలికి కూడా పోయేది కాదు.

ఆమె తిండి చూస్తే నాకు జాలేసేది. చింతపండు చారు, వెల్లుల్లి కారం, చేప. అత్తారింట్లో పెరుగన్నం లేనిదే భోజనం అయినట్టు కాదు, అక్కడ నేర్చుకున్న రుచి అది, చివర్లో కంచం ముందు కాసేపు ఊరికే కూర్చునేది. బాలింతకి పాలు బాగా పడతాయని మా వైపు పాలసొర పెడతారు. చిన్న సొరచేపని ఉడికించి, పొడిపొడిగా పిట్టు చేస్తారు. దానికోసం తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, చేపల వేలంపాటలో నిలబడి, కేరళ వ్యాపారి మీద పాడి చెయ్యంత సొరని గెలుచుకొచ్చానని ఇంట్లో చెప్పాను. పాట అయిపోయాక గట్టు మీద గంప పెట్టుక్కూర్చున్న ఒకావిడ దగ్గర బేరమాడకుండా కొన్నాను. జానెడు ఉంటుందేమో. ఆవిడే శుభ్రం చేసి కూడా ఇచ్చింది.

పథ్యం ఫలించింది. కక్కడం తగ్గింది. విరేచనం బాగుపడింది. ఒళ్ళు మాత్రం బాగుపడలేదు. పొద్దున్న లేచేసరికి కొంచెం నయంగా కనబడేది, మధ్యాహ్నానికి మళ్ళీ నిప్పులా ఎర్రగా. గీరుకుని గీరుకుని బుగ్గ మీద రసి కారేది. నాలుగు వారాలు దాటాక డాక్టరమ్మ మళ్ళీ చూసింది. ఎక్కడో ఇంకా పాలు వెళ్తున్నాయి అంది. టీ, టోస్టు, కేకు, గుర్తు తెచ్చుకోండి అని అమ్మాయి వైపు చూసింది. తప్పుపడుతున్నట్టు కాదు. కానీ చూసింది. ఏమీ తేలకపోతే వచ్చే వారం నుంచి డబ్బా పాలు మొదలుపెడదాం అంది. చీటీ రాసింది. ఆ డబ్బా తెచ్చి ఫ్రిజ్ పైన పెట్టాం.

ఆ రోజు నుంచి మా ఆవిడ, అమ్మాయి పిల్లని ఒళ్ళోకి తీసుకున్నప్పుడల్లా, ఇంతకుముందు ఏం తిన్నావని అడగడం మొదలుపెట్టింది. మామూలుగా అడిగినట్టే అడిగేది. వినేవాళ్ళకి మాత్రం మామూలుగా ఉండేది కాదు. ఒక సాయంత్రం, కింద వాటాలో పుట్టినరోజుకి వెళ్ళొచ్చిన అమ్మాయిని పట్టుకుని అడిగింది.

“కేకు ముక్క ఏటైనా నోట్లో ఏసుకున్నావేటే?”

“లేదమ్మా.”

“ఇంతైనా? చిన్న ముక్కైనా?”

“నా పిల్ల ఒళ్ళు రసి కారతంటే నాను కేకు తింటానా అమ్మా?”

మా ఆవిడ నమ్మినట్టు కనబడలేదు. ఇక్కడ నా గొప్ప కూడా చెప్పుకోవాలి. నా కూతురు మాట మీద నాకు మొదటినుంచీ పూర్తి నమ్మకం అని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. ఆ రాత్రి మంచినీళ్ళకి లేచినట్టు లేచి, కిందివాళ్ళు ఇచ్చిన సంచీలో కేకు డబ్బా ఉందేమో చూశాను. ఒక బెలూను ఉంది.

అమ్మాయి ఆ మర్నాటి నుంచి గుడ్డు మానేసింది. వేరుశనగలు మానేసింది. ఎవరూ చెప్పలేదు. పప్పు కూడా మానేస్తానంటే నేనూ మా ఆవిడా అడ్డుపడ్డాం. మనిషి తాడులా అయిపోయింది.

అదే వారం మా ఆవిడ పుట్టింటి ఊళ్ళో గ్రామదేవత పండగ వచ్చింది. విజయనగరం అవతల ఊరు. ఆడపడుచు వెళ్ళకపోతే అమ్మవారికి ఘటం ఎత్తేవాళ్ళు ఉండరన్నట్టు ఫోన్లు. వెళ్ళక తప్పలేదు. పోతూ పోతూ పిల్ల స్నానం నాకు అప్పజెప్పింది.

మా ఇంట్లో పిల్లల స్నానం అంటే చిన్న విషయం కాదు. గుమ్మం పక్కన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది మా ఆవిడ. పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంటుంది. ముందు నూనె. తర్వాత నలుగు. శనగపిండి, చిటికెడు పసుపు, దాన్లో మీగడ వేసి ముద్దగా కలిపి, ఒళ్ళంతా పట్టించి, నూగు రాలేదాకా రుద్దుతుంది. మీగడ నా టీ పాలదే. మా అమ్మ మాకలా పోసింది, మా ఆవిడ మా అమ్మాయికలా పోసింది. పైన వేడి వేడి నీళ్ళు. తుడిచేసరికి పిల్ల ఎర్రగా కందిపోయి ఉంటుంది. దాన్ని మా ఆవిడ రంగు తేలడం అంటుంది. మా అందరిదీ చామనఛాయ కన్నా ఓ మెట్టు కిందే, అందుకని రంగు తేలుతోందంటే నాకూ సంతోషంగానే ఉండేది.

మా ఆవిడ వెళ్ళిన ఆ మూడు రోజులూ స్నానం నేనే చేయించాను. రాత్రంతా మెలకువగా ఉండే అమ్మాయి ఆ వేళకి పడుకునేది. లేచాక అడిగితే, అమ్మ చెప్పినట్టే నూనె, నలుగు, నీళ్ళు, సాంబ్రాణి అన్నీ అయ్యాయని చెప్పాను. పిల్ల నా చేతిలో కిక్కురుమనలేదని కూడా చెప్పాను. మొత్తం వీధి వినేలా ఏడ్చింది, అమ్మాయి అలసిపోయి లేవలేదంతే.

రెండో రోజుకే పిల్ల బుగ్గ ఎండింది. మూడో రోజుకి మచ్చలు లేత రంగుకి దిగాయి. మధ్యాహ్నం గీరుకోలేదు, పడుకుంది. అమ్మాయి పిల్ల చేతులు అటూ ఇటూ తిప్పి చూస్తూ, గుడ్డు మానేసినందుకే తగ్గింది నాన్నా అంది. ఆమె మొహంలో వెలుగు చూసి చాలా రోజులైంది. నేను మాత్రం నా చేతి చలవ అన్నాను.

నాలుగో రోజు పొద్దున్న మా ఆవిడ దిగింది. చీర మార్చుకుని నేరుగా పిల్ల స్నానానికి కూర్చుంది. నూనె, నలుగు, నీళ్ళు. అమ్మాయి ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తోంది. పిల్లని తుడిచి పైకెత్తేసరికి వీపంతా, మెడంతా దద్దుర్లు తేలాయి. ఎరుపు మా కళ్ళ ముందే పాకింది.

“సూడు, ఎలాగ రంగు తేలిందో,” అంది మా ఆవిడ. “మీ నాన్న సేతిలో పిల్ల మాసిపోనాది.”

అమ్మాయి కుర్చీలోంచి లేచింది. నా వైపు తిరిగింది.

“నాన్నా, నువ్వు నలుగెట్టావా?”

“పెట్టకుండా ఎలాగుంటాను? మీ అమ్మ చెప్పినట్టే...”

“నాన్నా.”

అమ్మాయి గొంతు పెంచలేదు. ఆమె చూపు ఒకసారి ఫ్రిజ్ పైనున్న డబ్బా మీదికి పోయి మళ్ళీ నా మీదికి వచ్చింది. అక్కడితో నా వల్ల కాలేదు.

“ఎట్టలేదు,” అన్నాను.

“ఒక్కరోజు కూడానా?”

“ఒక్కరోజు కూడా. మోకాళ్ళు వంగలేదమ్మా. టబ్బులో పడుకోబెట్టి, పిల్లల సబ్బు రాసి, నీళ్ళు పోసీసేను.” అంత చెప్పాక మిగతాది దాచడం అనవసరం అనిపించింది. “మోకాళ్ళు కూడా కాదు. నూనె ఒంటితో పిల్ల సేపలాగ జారిపోతాదని భయమేసింది.”

మా ఆవిడ నమ్మలేదు. నలుగులోకని కూడబెట్టి వెళ్ళిన గిన్నెడు మీగడ ఖాళీ అయింది కదా, పెట్టకపోతే ఎక్కడికి పోతుంది అని నిలదీసింది. పంచదార వేసుకుని బ్రెడ్డు మీద రాసుకుని తిన్నానని చెప్పాల్సి వచ్చింది.

మామూలుగా అయితే దాని మీద పూటంతా నడిచేది. ఆ పూట నడవలేదు. మీగడ అనే మాట దగ్గర ముగ్గురం ఆగిపోయాం. నెయ్యి డబ్బాని ఇల్లు దాటించిన వాళ్ళం, బిస్కెట్టు ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదివిన వాళ్ళం, పాలపొడి ఉందేమోనని మిరియాలపొడి డబ్బాని కూడా తిరగేసి చూసిన వాళ్ళం, రోజూ పొద్దున్నే గిన్నెడు మీగడ పిల్ల ఒంటికి పట్టిస్తున్నాం. ఒంటికి రాసేది తిండి అని మాలో ఒక్కరికీ తట్టలేదు. లెక్చరరుకీ తట్టలేదు. డాక్టరమ్మ స్నానం గురించి అడిగితే సబ్బు పేరు చెప్పాం. నలుగు సబ్బు కాదు కాబట్టి చెప్పలేదు.

మా ఆవిడ చేతికి ఇంకా పిండి ముద్ద అంటుకునే ఉంది. దాన్ని చూసుకుంటూ నెమ్మదిగా అంది, “అయితే పెట్టింది నానేనన్నమాట.”

అమ్మాయి పిల్లని ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, ఉత్త నీళ్ళతో మళ్ళీ కడిగి, తుడిచి, లోపలికి తీసుకెళ్ళింది. అడిగి అడిగి కూతుర్ని ఏడిపించామే అన్న మాట, నేను అనలేదు, ఆవిడా అనలేదు. అమ్మాయి అనుంటే బాగుండేదని ఆ పూటంతా అనుకున్నాను.

మధ్యాహ్నమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. పిల్ల ఒళ్ళు చిట్లి ఉంది, అలాంటి ఒంటికి పాలు తగిలితే చర్మంలోంచే లోపలికి దిగుతాయి, నోట్లో పోసినంత పనీ చేస్తాయి అని డాక్టరమ్మ వివరించింది. మీగడ వద్దు, పిండి వద్దు, తినే వస్తువేదీ ఒంటికి రాయొద్దు. లేపనం రాసింది. తల్లి పథ్యం పాలవరకే, గుడ్డూ వేరుశనగలూ తినొచ్చు. డబ్బా పాలు ఇప్పుడు అవసరం లేదు, తల్లిపాలే కానివ్వండి అంది. ఆ మాటకి అమ్మాయి కళ్ళు మూసుకుంది. పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

లేవబోతుంటే మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. “అమ్మా, నా సెయ్యి పిల్ల మీద ఎయ్యొచ్చా?”

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కడుక్కుని వెయ్యండమ్మా, మీరు కాకపోతే ఎవరేస్తారు అంది.

మర్నాడు స్నానం వేళకి మా ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు. బియ్యం కడుగుతోంది. కడిగినవే కడుగుతోంది. నేను టబ్బు సర్దాను. నిన్న బయటపడిన భయం ఇవాళ కూడా ఉంది. అంతలో అమ్మాయి పిల్లని ఎత్తుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

“అమ్మా, నువ్వొచ్చి నీళ్ళు పొయ్యి. నాన్న సేతికి నానివ్వను.”

మా ఆవిడ చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, సబ్బుతో. వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. నూనె లేదు, నలుగు లేదు, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు మాత్రమే. ఆవిడకి ఆ స్నానం స్నానంలా అనిపించలేదని నాకు తెలుసు. పోసినంతసేపూ తల ఎత్తలేదు. వారం తిరిగేసరికి పిల్ల బుగ్గలు మామూలు బుగ్గలయ్యాయి. మా అందరి రంగులోనే తేలింది.

సెలవు అయిపోయి అమ్మాయి కాలేజీలో చేరింది. పొద్దున్న బస్సుకి వెళ్ళి సాయంత్రం వస్తుంది. మొదటి రోజు గేటు తీసుకుని లోపలికి వచ్చిందో లేదో చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, పిల్లకోసం నేల మీదే కూర్చుండిపోయింది. పిల్ల పొద్దుటినుంచీ, తల్లి పిండిపెట్టి వెళ్ళిన పాలు చెంచాతో పడితే ఉమ్మేస్తూ మా ఇద్దరి ఓపికా తినేసింది, తల్లి ఒళ్ళోకి వెళ్ళాక గొంతు విప్పి ఒక్క కేక పెట్టి, తర్వాత నోరు నింపుకుని ఊరుకుంది. మా ఆవిడ పక్కనే వెల్లుల్లి వలుస్తోంది.

“అమ్మా, మధ్నాన్నం క్యాంటీన్లో అన్నం, చారు, బంగాళాదుంప...” అని అమ్మాయి మొదలుపెట్టింది.

“నాను అడిగానేటే?” అంది మా ఆవిడ.

“అడగలేదు. నానే సెప్తన్నాను.”

“సెప్పకు. నువ్వు తిన్నది నాకెందుకు. పిల్లని తాగనీ.”

అమ్మాయి నవ్వింది. ఊరుకోలేదు, బంగాళాదుంపలో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పింది. మా ఆవిడ వెల్లుల్లి వలుస్తూనే, రేపటి నుంచి అన్నం డబ్బా కట్టిస్తానంది.